పెళ్ళిపుంజు

చైనాలో బంగారుకొండ అని పిలుచుకునే అమెరికాకు వెళ్ళిన వింగ్ సాన్ పెళ్ళికి రాలేకపోయాడు కనుక, ఆచారం ప్రకారం అతని స్థానంలో ఒక పుంజును నిలబెట్టి యుక్ హాను కోడలిగా తెచ్చుకున్నారు. భార్యాభర్తలు ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అందువల్లనే, ఆ సాయంత్రం ఊరి బడి మాస్టారు చదివిపెట్టిన భర్త ఉత్తరంలో ఒక్క వాక్యం ఆమెకు అంతుపట్టలేదు: "గింజలు చల్లే చేతి బొటనవేలు కాలింది కదా, మానిందా?"

ఆ గాయం సంగతి ఆమె ఎవరిచేతా రాయించలేదు.

"అత్తయ్యా, రేపు పండక్కి ఈ పెళ్ళిపుంజును కోయకండి."

"ఏం, అదేమన్నా నీ మొగుడా?" అత్తగారు పకపకా నవ్వింది. "వాడక్కడ బంగారం తవ్వుతున్నాడే. ఇది ఇక్కడ నా బియ్యం మెక్కుతోంది."

రేపు ఆ కత్తి ఎవరి మెడ మీద పడుతుందో యుక్ హాకు తెలియలేదు. ఇల్లు నిద్రపోయాక, భయం కన్నా తెలుసుకోవాలన్న కోరికే ఎక్కువై, దీపంతో వంటింట్లోకి వెళ్ళి గంప ఎత్తింది. పుంజు మేలుకొనే ఉంది.

"అన్నం తిన్నారా?" అని మెల్లగా అడిగింది.

దాని గొంతులో ఏదో సన్నగా కదిలి ఆగిపోయింది.

పారిపోయి బతుకుతుందని ఆమె పెరటి తలుపు బార్లా తెరిచింది. పుంజు అటు చూడనైనా లేదు. ఇటుక నేల మీద గోళ్ళు టకటకమంటుండగా, నింపాదిగా ఆమె పడకగదిలోకి నడిచి వెళ్ళింది.