ఎగిరిపోయిన ఫారం

"మోసం! పచ్చి మోసం!"

సినిమా హాలు మెట్లు దిగుతూ బైండరు పెట్టిన కేకకి ముందు నడుస్తున్న నలుగురూ వెనక్కి తిరిగి చూశారు.

"నెమ్మది నాన్నా! ఇంటర్వెల్ దాకా చప్పట్లు కొట్టిందెవరో?" అంది కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుని.

"కొట్టాను, కాదన్నానా? ఆ రాతికోట తలుపులు తెరుచుకుంటుంటే ఒళ్లు ఝల్లుమంది. మబ్బుల్లోంచి రెక్కల గుర్రాలు దిగుతుంటే... ఔరా, మీ అమ్మ నవల చదివి వినిపిస్తున్నప్పుడు నేను అనుకున్న గుర్రాలే అవి! వీడెవడో నా బుర్రలో దూరి మరీ తీశాడే అనుకున్నా. ఇన్నీ బాగా తీసి, ఆఖరికి దీపం పిల్లని చంపేస్తాడా? వీడి చేతులు పడిపోను!"

దీపం పిల్లకి ఏడేళ్లు. చీకటి కనుమలో సైన్యానికి దారి చూపిస్తూ అందరికంటే ముందు నడుస్తుంది. మంచులో కూలబడిపోతుంది. ఆ ఘట్టంలో హాలు హాలంతా ముక్కులు చీదింది. బైండరు మాత్రం కూతురి చెవిలో, "ఇప్పుడు ముసలమ్మ వస్తుంది చూడు" అన్నాడు. ఏ ముసలమ్మా రాలేదు.

"నవల్లో కూడా చచ్చిపోతుందండీ," అంది వెనకాల దిగుతున్న కళ్లద్దాలావిడ. "మక్కికి మక్కి తీశారు."

"ఏ నవల్లో? నా చేత్తో కుట్టి, నా చేత్తో అట్ట వేసిన నవల. నాకే చెప్తున్నారా?"

ఆవిడ 'మనకెందుకొచ్చిన గొడవ' అన్నట్టు నవ్వి పక్కనుంచి దిగిపోయింది.

"ఫారం ఎగిరిపోయిన కాపీ చదివుంటుంది, పాపం," అన్నాడు బైండరు. పదహారు పేజీలు మడిచిన కట్టని వాళ్ల పనిలో ఫారం అంటారు. కుట్టేటప్పుడు ఒకటి జారిపోతే కథ మధ్యలో పెద్ద గొయ్యి పడుతుంది. "ఆ డైరెక్టరుకీ అలాంటి కాపీయే దొరికుంటుంది. ఎవడు కుట్టాడో గానీ, వాడికి పని నేర్పినవాణ్ణి అనాలి."

వేల పుస్తకాలు కుట్టిన బైండరుకి అక్షరం ముక్క రాదు. ఫారాలు వరసగా పేర్చుకోవాలి కాబట్టి అంకెలు మాత్రం వచ్చు. చదువంతా భార్యదే. ఏటా వానలు పట్టి పని తగ్గిన రోజుల్లో ఆయన పక్కన పీట వేసుకుని ఈ నవలే మొదటినుంచీ చదివేది. "వేరే పుస్తకమే లేదా ఈ ఇంట్లో?" అని కూతురు ఎన్నిసార్లు వేళాకోళం చేసినా ఇద్దరూ వినలేదు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఏడు వానలొచ్చాయి, చదివేవాళ్లు లేరు.

బస్సులో కూతురు అడిగింది. "ఇంతకీ ముసలమ్మ ఏం చేస్తుంది నాన్నా?"

"గొర్రెలు కాసుకునే ముసలమ్మ. పిల్లని కంబళిలో చుట్టి ఎత్తుకుపోతుంది. ఒళ్లు కాలిపోతుంటుంది పిల్లకి. మూడోరోజు జ్వరం దిగి, ఆకలేస్తోందంటుంది." బైండరు కిటికీలోంచి బయటికి చూశాడు. "మిగతాది మీ అమ్మ చదివినట్టు నాకు చెప్పడం రాదు. ఇంటికెళ్లాక నువ్వు చదివి పెట్టు."

ఇల్లు చేరాక చెప్పులు విడిచి నేరుగా పనిగదిలోకి నడిచాడు. పుస్తకం తెచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు.

"మూడొందల పన్నెండు," అన్నాడు. ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

మూడొందల పన్నెండో పేజీలో దీపం పిల్ల చచ్చిపోయింది. నాలుగే నాలుగు వాక్యాలు. ఎదుటి పేజీలో రాజు కొలువు, యుద్ధం మాటలు. ఏదైనా ఊడిందేమోనని కూతురు మడతలో వేలు పెట్టి వెతికింది. అంకెలన్నీ వరసగా ఉన్నాయి. నాన్న కుట్టులో తప్పెందుకుంటుంది!

మంచు పర్వతాల మధ్య జ్వరం ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడర్థమైంది ఆమెకి. తను పుట్టకముందు ఈ ఇంట్లో ఒక అక్క ఉండేది. ఏడేళ్లకి, జ్వరం వచ్చిన మూడోరోజు పోయింది. ఆ పిల్ల మాట ఎవరూ ఎత్తేవారు కాదు. 'ఎంత పని చేశావమ్మా!' అనుకుంది. చదువురాని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏటేటా ఇక్కడే పిల్లని బతికించుకుంటూ వచ్చిందన్నమాట. ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా.

"ఏమ్మా, దొరకలేదా?"

"దొరికింది నాన్నా."

ఉన్నది ఉన్నట్టు చదివితే ఈయనేమైపోతాడు? ఆమె గొంతు సవరించుకుంది.

"అంతలో గొర్రెల మంద వెనకాల ఒక ముసలమ్మ వచ్చింది..."

కంబళి కప్పింది. పాలు కాచి పట్టింది. మూడోరోజు జ్వరం దించింది. పిల్ల చేత ఆకలేస్తోందని అనిపించింది. కూతురికి అక్కడితో ఆపబుద్ధి కాలేదు. పిల్లకి రెండు జడలు వేసింది. తల దువ్వుతుంటే ముసలమ్మ చేత నాలుగు తిట్లూ తిట్టించింది. పొడుగు పెంచింది, మొండిఘటాన్ని చేసింది, పెళ్లి చేసింది. రాజుగారి యుద్ధం మాటల మీద చూపు పరిగెత్తిస్తూ, నాన్నకి అనుమానం రాకుండా వేళకి పేజీలు కూడా తిప్పింది. ఏడుపు తన్నుకొచ్చిన చోట దగ్గుతో సరిపెట్టింది.

బైండరు మూసిన కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా కారాయి. తుడుచుకోలేదు.

"అంతే నాన్నా, అధ్యాయం అయిపోయింది," అందామె. "మన పుస్తకంలో అంతా ఉంది. ఆ సినిమావాళ్లే ఎగరగొట్టారు."

"బాగా చదివావు తల్లీ," అన్నాడాయన. ఆమె చేతిలోంచి పుస్తకం అందుకుని మూశాడు. చాలాసేపు దాని అట్ట నిమురుతూ కూర్చున్నాడు.

"మీ అమ్మ మాత్రం ఇక్కడ ఒక్క పేజీ కూడా తిప్పేది కాదమ్మా."