కాజాలక్క మైకు

"మైకు సెట్టు లేదమ్మా. ఈ నెలంతా బుక్కయిపోయింది."

మూడో షాపులోనూ అదే మాట. వెనక గోడకి ఆంప్లిఫయర్లు వరసగా పేర్చి కనిపిస్తూనే ఉన్నాయి.

బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆమెని అందరూ కాజాలక్క అంటారు. ఫ్యాక్టరీ గేటు ముందు ఆడవాళ్ల మీటింగు పెట్టుకున్నారు. వాళ్లకి మైకు ఇవ్వొద్దని మేనేజరు అన్ని షాపులకీ ముందే ఫోన్లు కొట్టేశాడు.

"ఇవ్వకపోతే పోండి. మేమే చేసుకుంటాం!" అని గుమ్మం దిగేసింది కాజాలక్క.

ఆ సాయంత్రమే స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లింది.

"ఆంప్లిఫయర్ కట్టుకోవాలన్నా. ఏమేం కావాలి?"

కొట్టతను తలెత్తకుండానే ఒక బోర్డు బల్ల మీదకి తోశాడు.

"మైకు వైరు తిన్నగా దీనికే కలపొచ్చా?"

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"అవన్నీ మీకెందుకు మేడమ్? రెడీమేడ్‌ది కొనుక్కోండి. తర్వాత ఎవరు?"

పక్కన కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "అవునూ, ఎందుకు కుదరదంటావ్?"

కొట్టతను చేతిలో పని ఆపేశాడు. మైకు నుంచి వచ్చే సిగ్నలు మరీ పీలగా ఉంటుందనీ, ముందు ఇంకో చిన్న బోర్డు దాన్ని కాస్త పెంచి అందించాలనీ, బొమ్మ గీసి మరీ చెప్పాడు.

కాజాలక్కకి ఒళ్లు మండింది. మగాడు అడిగితే బొమ్మలు గీస్తారు, ఆడది అడిగితే తర్వాత ఎవరంటారు!

అయినా ఆ బొమ్మని కళ్లతోనే మింగేసింది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ మళ్లీ వెళ్లింది. ఎప్పుడు చూసినా ముసలాయన అక్కడే. ఆమె అడగడం, కొట్టతను విసుక్కోవడం, ఏమీ ఎరగనట్టు ఆయన అదే ప్రశ్న అడగడం.

"గుయ్యిమని మోత ఎందుకొస్తుంది?"

"స్విచ్చి తీసేశాక కూడా కెపాసిటరు షాకు కొడుతుందా?"

సామాన్లకొచ్చినవాళ్లు మొహాలు చూసుకుని నవ్వేవాళ్లు. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఒకరోజు, "ఈ అల్యూమినియం ముక్కెందుకు, దండగ కాకపోతే?" అన్నాడు.

కాజాలక్క ఇక పట్టలేకపోయింది. "ఇన్నాళ్లు కూర్చుని ఏం విన్నారండీ? చిప్పు కాలిపోకుండా వేడిని ఇది లాగేస్తుంది. ఆ మాత్రం తెలీకపోతే ఎలా?"

"ఓహో, అలాగా తల్లీ!" అని నవ్వాడాయన.

మీటింగు రోజు మేనేజరు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అరవండి. గొంతులు పోయేదాకా అరవండి!"

ఎదురుగా సైకిల్ షాపు నుంచి కరెంటు తీగ లాగి, కాజాలక్క తను కట్టిన ఆంప్లిఫయర్ స్విచ్చి వేసింది.

"వినబడుతోందా సారూ?"

మూడంతస్తుల అద్దాలూ అదిరాయి. లోపల కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్లు కిటికీల్లోంచి చేతులూపారు. మేనేజరు గబగబా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాడు ఆమె కొట్టుకి వెళ్లింది.

"ముసలాయన ఏరన్నా? పాపం, ఎన్నాళ్లు విన్నా ఆయన బుర్రకెక్కడం లేదు. ఒకటి దగ్గరుండి కట్టించి నేర్పుదామని వచ్చాను."

కొట్టతను ముసలాయన కూర్చునే చోటు వైపు చూశాడు.

"నిన్న పొద్దున్నే పోయారక్కా."

"అయ్యో! ఆయన నీకేమవుతారన్నా?"

"నాకు ఈ విద్య నేర్పిన మాస్టారు ఆయన. నువ్వడిగితే నేను చెప్పడం లేదని, నీ ప్రశ్నలన్నీ తన నోటితో అడిగేవారు."