పక్క సీటు మాస్టారు

కానీ తొక్కింది తనే కదా. ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా ఆలోచన అక్కడికే వచ్చి ఆగుతోంది. ప్లాస్టిక్ సంచి ఒకటి గాలికి రోడ్డు మీదికి దొర్లింది. తనకది పిల్లిలా కనిపించింది. కాలు దిగిపోయింది. కారు కీచుమని ఆగింది. వెనక వస్తున్న రొట్టెల వ్యాను ధన్‌మని గుద్దింది. ఇందులో తన తప్పు కానిది ఏది?

కోర్టు వరండాలో, కట్టు కట్టిన కాలు బెంచీ మీద చాపుకుని, డ్రైవింగు మాస్టారు కూర్చున్నాడు.

ఆయన బతుకంతా పక్క సీటులోనే గడిచింది. స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ దగ్గర ఒక బ్రేకు, ఆయన దగ్గర ఇంకో బ్రేకు. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ ఆ కాలు ఆయన మాట వినడం మానేసింది. నిద్రలో కూడా దుప్పటిని తన్నేది.

"కలలోనూ పాఠాలేనా? ఫీజు తీసుకుంటున్నారా, ఊరికే చెబుతున్నారా?" అనేది భార్య.

ఆవిడకి కారు నేర్పిందీ ఆయనే. ఊళ్ళోవాళ్ళకి ఓర్పుగా నేర్పేవాడు, ఆవిడకి మాత్రం అరిచి నేర్పాడు. పరీక్షలో రెండుసార్లు తప్పి, ఈ మధ్యే గట్టెక్కింది. లైసెన్సు చేతికొచ్చిన రోజు అద్దం ముందు నిలబడి మురిసిపోయింది.

గుద్దుకున్న రోజు కారు నడిపింది ఆవిడే. ఇప్పుడు ఆ లైసెన్సుకే గండం వచ్చింది. ఖాళీ రోడ్డు మీద కారణం లేకుండా బ్రేకేసింది కాబట్టి తప్పు ఆవిడదే అని వ్యానువాళ్ళ వాదన. అది నిలబడితే మాస్టారి కాలికి రావాల్సిన పరిహారం సంగతి అలా ఉంచితే, ఆవిడ మళ్ళీ స్టీరింగు ముట్టుకోవడం కల్ల.

"నేను బ్రేకు జోలికే పోలేదు. అది సంచి అని నాకు తెలుస్తూనే ఉంది. నా కాలు కదిలితే ఒట్టు!" అంటుంది ఆవిడ. పోలీసుల దగ్గరా అదే మాట, లాయరు దగ్గరా అదే మాట.

ఒట్టు పెట్టేటప్పుడు మాత్రం భర్త కళ్ళలోకి చూడదు. అప్పుడల్లా మాస్టారి గుండె తరుక్కుపోయేది. పాపం, పిచ్చిదానికి అంతా తెలుసు. మొగుణ్ణి బయటపెట్టడానికి మనసొప్పక లోపల్లోపలే నలిగిపోతోంది. పైగా దెబ్బ తగిలినప్పటినుంచి దిండు సర్దుతోంది, మంచం దగ్గరికే కాఫీ తెస్తోంది, ఒక్క మాట కూడా అనడం లేదు. పెళ్లైనప్పటినుంచి ఎరగని ఈ మర్యాదకి ఆయన మరీ కుంగిపోయాడు.

డాక్టరు కూడా తల గోక్కున్నాడు. "వెనకనుంచి గుద్దితే మెడ పట్టేయాలి. మీకు చీలమండ ఎలా విరిగిందండీ?"

మాస్టారు తన కట్టు వైపు చూసుకున్నాడు. అంత కసిగా తొక్కితే విరగదా?

లాయరు హడావిడిగా వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మాస్టారూ, లోపల నొప్పి గురించే మాట్లాడండి. కావాలంటే మూలగండి, ఎవరూ కాదనరు. వెనకనుంచి గుద్దినవాడిదే తప్పని మామూలుగా చట్టమే అంటుంది, సగం పని అక్కడే అయిపోయింది. బ్రేకు ఊసు మాత్రం ఎత్తకండి."

"అడిగితే?"

"కళ్ళు మూసుకున్నానని చెప్పండి."

"నేర్పేవాడు కళ్ళు మూసుకుంటాడా?"

"నేర్చుకున్నది మీ ఆవిడైతే ఎవరైనా మూసుకుంటారు. ఏమనుకోకమ్మా!"

ఆవిడ నవ్వింది. అవసరమైన దానికన్నా గట్టిగా.

లోపల వ్యాను డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, రోడ్డు మీద ఈగ లేదు. ఎందుకాపారమ్మా అని అడిగితే ఈవిడ నన్నే తిట్టిపోసింది."

"నువ్వు రొట్టె నములుతూ నడపలేదూ?" ఆవిడ లేచింది.

"పొద్దస్తమానం ఆ వాసనతోనే చస్తున్నాను, తినడం కూడానా తల్లీ!"

జడ్జి బల్ల మీద కొట్టాడు. వ్యాను తరఫు లాయరు ఆవిడ వైపు తిరిగి, తియ్యగా అడిగాడు.

"మీరు బ్రేకు వేయలేదు. సరే. కారు తనంతట తనే అలిసిపోయి ఆగిందా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఎర్రటి చెవులు చూసి మాస్టారు లోపల విరిగిపోయాడు. చెబితే నేర్పే పర్మిట్టు పోతుంది. స్కూలుకి తాళం పడుతుంది. కారుకి గీత పడనివ్వని మాస్టారన్న పేరు మట్టికొట్టుకుపోతుంది. చెప్పకపోతే ఈ మనిషి, తను ఇన్నాళ్ళు అరిచిన ఈ మనిషి, తన తప్పుని నెత్తిన పెట్టుకుని ఇంటికొస్తుంది, మళ్ళీ కాఫీ ఇస్తుంది. ఆ కాఫీ ఇక గొంతు దిగదు.

చంకకర్ర ఊతంతో లేచాడు.

"అయ్యా, ఆవిడ చెప్పేది అక్షరాలా నిజం. బ్రేకు తొక్కింది నేను."

ఆయన లాయరు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఏవండీ, కూర్చోండి," అని భార్య చొక్కా పట్టి లాగింది. "మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి."

"వద్దే. నాకోసం ఇన్నాళ్ళు మోశావు. ఇక చాలు." ఆయన గొంతు వణికింది. వణకడం ఆయనకే కాస్త బాగా అనిపించింది. "ఈ కాలితోనే అయ్యా!" అంటూ, కట్టు కట్టిన కాలు పైకెత్తి, అందరూ చూస్తుండగా గాలిలో గట్టిగా ఒక తొక్కు తొక్కి చూపించాడు.

జడ్జి ముందున్న పోలీసు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి ఆయన్ని చూశాడు, తల దించుకున్న ఆవిడని చూశాడు, తర్వాత నెమ్మదిగా అన్నాడు: "కూర్చోండి మాస్టారూ, ఆ రోజు మీరు వెళ్ళింది మీ స్కూలు కారులో కాదు, మీ బావమరిది కారులో, దానికున్న ఒకే ఒక్క బ్రేకు మీ ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది."