సోఫా జరిపించిన మనిషి

ఆకాశం కాస్త మబ్బు పట్టిందంటే చాలు, ఆ ఇంటి బెల్లు మోగుతుంది.

"వచ్చాడండీ మీ టవరాయన," అంది ఇల్లాలు, కూర తరుగుతూనే.

"నా టవరాయనేమిటి? మేడ మీద టవరుకి ఒప్పుకుందామని వారం రోజులు నా ప్రాణం తీసింది నువ్వు," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

మేడ మీద సెల్ టవరు లేచి మూడేళ్లు. ఈయన రావడం మొదలై ఏడాది. యాభై దాటిన మనిషి, కుడికాలు కాస్త ఈడుస్తాడు. మొదటిసారి చేతిలో పానాతో వచ్చి, "టవరు చూడాలమ్మా" అన్నాడు. పానా పట్టుకున్నవాణ్ణి నువ్వెవరని ఎవరడుగుతారు? కంపెనీ మనిషనుకుని మెట్లు చూపించారు.

కంపెనీ మీదున్న కోపమంతా వెళ్లగక్కడానికి ఆమెకు అలా ఒక మనిషి దొరికాడు.

"టవరు మా నెత్తినా, సిగ్నలు పక్కవీధికా? ఇదెక్కడి న్యాయమయ్యా?"

"నిజమేనమ్మా," అనేవాడు.

టవరును పట్టి ఉంచే ఇనుప తాళ్లను ఒక్కొక్కటే వేలితో మీటి, చెవి పెట్టి వినేవాడు. వదులైన మరలు బిగించి దిగేవాడు. మెట్లన్నీ బురద చేసి మరీ వెళ్లేవాడు.

ఆ రోజు మాత్రం దిగినా వెళ్లలేదు. గుమ్మంలో నిలబడ్డాడు.

"వెనక గదిలో ఎవరుంటారమ్మా?"

"మా అత్తగారు. ఏం?"

"సాయంత్రానికి పెద్దగాలి ఉందంటున్నారు. ఒక తాడు తుప్పుపట్టి తెగేలా ఉంది. అది నా చేతనయ్యే పని కాదు. పెద్దావిడ మంచం ముందు గదిలో వెయ్యండి."

"ముందు గదిలో సోఫా ఉంది."

"సోఫా వెనక గదిలోకి జరపండి."

ఆమెకు ఒళ్లు మండింది. సోఫా ఎక్కడుండాలో చెప్పే హక్కు ఆ ఇంట్లో భర్తకే లేదు.

"నీ పని మేడ మీద. కింద పెత్తనం నేను చూసుకుంటాను."

"జరిపేదాకా వెళ్లనమ్మా," అని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"జరిపెయ్యవే," అంది అత్తగారు లోపల్నుంచి. "లేకపోతే మధ్యాహ్నం అతనికీ వండాలి."

భర్త పేపరు మడిచి సోఫాకు ఒక చివర పట్టాడు. రెండో చివర టవరాయన పట్టాడు. మంచం ముందు గదిలోకి వచ్చాక, తన పానా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది. విచిత్రంగా ఆ రోజు సిగ్నలు నిండుగా ఉంది.

"టవరు చూడటానికొచ్చి మా ఇల్లు సర్దుతున్నాడు. ఇంకోసారి మా గడప తొక్కకుండా చూడండి."

"తప్పకుండా మేడమ్," అంది అవతలి గొంతు.

నాలుగింటికి గాలి లేచింది. ఐదింటికి టవరు పైసగం విరిగి, కప్పు చీల్చుకుని వెనక గదిలో పడింది. సోఫా నుజ్జునుజ్జయింది.

అత్తగారు ముందు గదిలో మంచం మీద లేచి కూర్చుని, "ఎవరే పడ్డారు?" అని అడిగింది.

నాలుగు రోజులకు కంపెనీ సూపర్‌వైజరు క్రేను తీసుకుని వచ్చాడు. ఇల్లాలు కప్పు మాట ఎత్తలేదు.

"నేనో ఫిర్యాదు చేశాను కదండీ, అది వెనక్కి తీసుకుంటాను. ఆయన్ని ఒక్కసారి పంపించండి. ఏడాదిగా వస్తుంటే కూర్చోమని కూడా అన్లేదు నేను."

"ఇప్పుడు కుదరదు మేడమ్. మొన్ననే పైవీధిలో ఇంకో మేడ మీద మావాళ్లకు దొరికాడు. మీ ఫిర్యాదు చూపించి, ఇక ఏ టవరు దగ్గరికీ పోనని రాయించుకున్నాం. నిన్న పొద్దున బస్సెక్కి వాళ్ల చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడట."

ఆమె గొంతు తగ్గింది.

"నా మాట పట్టుకుని ఉద్యోగం తీసేశారా?"

సూపర్‌వైజరు తలమీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆయనకు మా దగ్గర ఉద్యోగమెప్పుడుందమ్మా? నిరుడు గాలివానకు మా టవరొకటి పడింది ఆయన ఇంటి మీదే. ఆయన బయటికి రాగలిగాడు, వాళ్లమ్మ రాలేకపోయింది."