నాయిన గీసిన నత్త

“పండ్లు పెట్టకు. నవ్వినట్టున్నది,” అన్నది పెండ్లాం రామక్క.

బసవపున్నయ్య సున్నంలో ముంచిన పుల్లను ఆపి, చేతిలోని ఎండు సొరబుర్రను దూరంగా పట్టుకుని చూశాడు. పుర్రెలా భయపెట్టవలసింది పెళ్లికొడుకులా మొహం పెట్టింది.

“టీవీల పుర్రెకు పండ్లున్నయే.”

“టీవీల పుర్రె నీ తమ్ముని లెక్క లేదు.”

ములకలపల్లి దాటి అడవి అంచునున్న ఆ ఊళ్లో బసవపున్నయ్యది మంత్రాల ఇల్లు. తండ్రి దగ్గర నేర్చుకున్నది ఒకటే ముగ్గు. చేటలో బియ్యప్పిండి పరిచి, చిటికెన వేలితో ఒక చుట్ట చుట్టి, నడుమ బొగ్గుతో చుక్క పెట్టడం. చూడటానికి అచ్చం నత్తలా ఉంటుంది. “ఎక్కువ గీతలు గీస్తే దయ్యం దారి తప్పుతదిరా. బయటికి పోలేక పాపం ఇంట్లనే ఉండిపోతది,” అనేవాడు తండ్రి. ఆ నత్తతోనే ఆయన బతికినన్నాళ్లూ చుట్టుపక్కల ఊళ్లను ఏలాడు.

ఇప్పుడా నత్తను చూసి జనం నవ్వుతున్నారు. మంగళవారం మంగళవారం టీవీలో వచ్చే మంత్రగాడి సీరియల్ తెచ్చిన తిప్పలు ఇవి. అందులో ఆరు మూలల చక్రం, మూలకో కన్ను, నడుమ పుర్రె, ఎటు చూసినా ఎరుపు. బొగ్గుబావుల క్వార్టర్ల నుంచి వచ్చినవాళ్లయితే మొహం మీదే అడిగేశారు. “చక్రం లేదా? కన్నన్న లేదా? గీ మాత్రం పిండి మా ఇంట్ల లేదా?” వాళ్లు లేచి వెళ్లిపోయాక మళ్లీ గడప తొక్కినవాడు లేడు. ఇంకొక్క బేరం ఇట్లా చెడిందంటే మంత్రాలు కట్టిపెట్టి జామాయిలు తోటకు కాపలా పోవడమేనని ఆలుమగలు అనుకున్నారు. ఆ మాట అనుకున్న నాడు బసవపున్నయ్యకు ఏడుపొచ్చింది. తాతలనాటి విద్య తన చేతుల్లో చావడం కన్నా తాను చావడమే నయమనిపించింది.

అంతలో కబురొచ్చింది. పట్నం ఆమె ఎవరో జీపు కిరాయికి మాట్లాడుకుని, ఆయన పేరే అడుగుతూ వస్తున్నదట. బసవపున్నయ్య ఆగమేఘాల మీద లేచాడు. టీ హోటల్లో టీవీ ముందు కూర్చుని కంఠతా పట్టిన చక్రాన్ని, భద్రాచలం నుంచి తెచ్చిన రంగులతో నట్టింట్లో గీశాడు. నడుమ సొరబుర్రను కూర్చోబెట్టి, పైన దుప్పటి కప్పాడు. పొద్దున్నే అలవాటు కొద్దీ గీసుకున్న నాయిన ముగ్గు మాత్రం చేటలో, గుంజ పక్కనే ఉండిపోయింది.

జీపు దిగినామె పేరు శోభారాణి. భుజానికి పొడవాటి సంచి ఉంది. చెప్పులు గడప బయట విడిచి, ముడుచుకుని కూర్చుంది.

“ఏం కష్టమొచ్చింది బిడ్డా?”

“మొదట్ల జనం పనులు మానుకొని మా కోసం కూసునేటోళ్లు తాతా. ఇప్పుడు మొఖం తిప్పుకుంటున్నరు. మాదంతా ఉత్త నకిలీ అంటున్నరు. మా సారుకు నిద్ర పడ్తలేదు.”

మొగుణ్ని సారు అని పిలిచే ఆడవాళ్లను బసవపున్నయ్య ఎరుగును. “హోటల్ నడుపుతున్నరా?”

“అట్లాంటిదే అనుకో.”

“అయితే నరదిష్టి,” అని తేల్చి, ఆయన చక్రం మీది దుప్పటి తీశాడు.

శోభారాణి లేచి దాని చుట్టూ తిరిగింది. రంగును వేలితో తీసి రుద్ది చూసింది. పుర్రెను ఎత్తి వెనక్కి తిప్పింది.

“ఇది సొరబుర్ర గదా?”

“మంత్రం పడ్డంక ఏ బుర్రయినా ఒకటే బిడ్డా.”

లోపల రామక్క దగ్గింది.

“మీ నాయిన గూడ గిట్లనే గీసెటోడా?”

“అవ్. తాతల కాలం నుంచి గిదే.”

“మూలకో కన్ను గూడనా?”

“కన్ను లేకుంటే దయ్యాన్ని చూసేదెవరు?”

ఆమె మొహం వాడిపోయింది. బేరం జారిపోతోందని ఆయనకు అర్థమైంది. పిడికెడు కర్పూరం ఎక్కువ వెలిగించి, టీవీ మంత్రగాడిలాగే జుట్టు విరబోసుకుని రంకె వేశాడు. ఉన్న జుట్టు కొంచెమే కాబట్టి రంకె కాస్త పెద్దగానే వేయవలసి వచ్చింది. శోభారాణి పొగకు కళ్లు తుడుచుకుంటూ పక్కకు తిరిగి, గుంజ దగ్గర ఆగిపోయింది.

“ఆ చేటల ఏంది తాతా? నత్త లెక్క ఉన్నది?”

ఆమె అటే నడవబోయింది. ఈమె కూడా నవ్వుతుందని బసవపున్నయ్య భయపడ్డాడు.

“అదా? కోళ్లకు పెట్టిన పిండి బిడ్డా,” అంటూ అడ్డంపోయి, చేటను కాలితోనే వాకిట్లోకి తోశాడు. తప్పు కాయి నాయినా, అని లోలోపల దండం పెట్టుకున్నాడు. కోళ్లు పరుగున వచ్చి నత్తను పొడుచుకు తినేశాయి.

శోభారాణి నిట్టూర్చి, దక్షిణ పెట్టి, సంచి భుజాన వేసుకుంది.

“నచ్చలేదా బిడ్డా?” బసవపున్నయ్య వెంటబడ్డాడు. “టీవీల వచ్చేది గూడ ఇదే, గీతకు గీత చూసుకో. మా నాయిన ముగ్గు చూసే వాళ్లు నేర్చుకున్నరు.”

ఆమె చెప్పులు తొడుక్కుంది.

“ఆ సీరియల్‌కు ముగ్గులేసేది నేనే తాతా, అసలుది చూద్దామని వచ్చిన.”