కదలని మంచం

పెట్టె మూత పడటం లేదు. ఆవిడ మోకాలు పెట్టి నొక్కింది. ఆయన మంచం మీద పడుకునే చూస్తున్నాడు.

"ఆ పట్టుచీర తీసెయ్యవే. ఎండకి ఒంటికి అంటుకుపోతుంది."

"మరి ఫోటోలు దిగొద్దూ?"

"ఆ వెలుతుర్లో దిగితే చీరొక్కటే కనపడుతుంది, నువ్వు కనపడవు. పాత నూలుచీరలు పెట్టు."

ఆవిడ పట్టుచీర తీసి పక్కన పెట్టింది.

ఆయనకు ఒళ్ళు హూనమైపోయి ఉంది. వేసవంతా చాకిరీ చేసి, పైవాళ్ళని బతిమాలి, నాలుగు రోజులు సెలవు సంపాదించాడు. కిటికీలు మూసుకుని, ఫ్యాను కింద, కదలని మంచం మీద పడి నిద్రపోదామనుకున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచాడో లేదో, పెళ్ళాం రెండు టికెట్లు తెచ్చి కళ్ళ ముందు ఆడించింది. ఏట్లో షికారు పడవ. రాత్రి కూడా అందులోనే పడక.

వద్దని చెప్పడానికి పొద్దుట్నుంచీ దారులు వెతుకుతున్నాడు.

"ఏముందే అక్కడ? ఇటు ఇసుక, అటు ఇసుక, నడుమ బురద నీళ్ళు. ముక్కుల్లోంచి గొంతు దాకా ఎండిపోతుంది."

"పక్కింటావిడ వెళ్ళొచ్చి కథలు కథలుగా చెప్పింది."

"ఆవిడ గది వదిలి పైకొస్తేగా. ఏసీ కింద పడుకుని గురకలు పెట్టింది."

"గురక సంగతి మీరే చెప్పాలి" అని ఆవిడ ముసిముసిగా నవ్వుకుంది.

కొత్తగా కొన్న రెండు గడ్డి టోపీలు పెట్టెలో పెట్టబోయింది. ఆయన మళ్ళీ అడ్డుపడ్డాడు.

"వాటికి తాడు కుట్టు. గాలికెగిరి ఏట్లో పడ్డాయంటే నీ కోసం ఎవడూ దూకడు. ఆ రబ్బరు చెప్పులొద్దు. మధ్యాహ్నానికి పడవ మీద నడిచే రేకు పెనంలా కాలుతుంది, కరిగి అతుక్కుంటాయి. పెదాలకి రాసుకునే డబ్బీ పెట్టావా?"

"వద్దు వద్దంటూనే అన్నీ సర్దిస్తున్నారే."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడతోనే అన్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"నాకు బదులు మనమ్మాయిని తీసుకుపోవే. నేనింట్లో పడుంటాను. నా వల్ల కాదు."

వెనకాల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ టోపీ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"పెళ్ళైన కాణ్ణుంచీ అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా పనన్నారు. నిజమే, కాదన్ను. ఒక్కసారి, మీ చేతుల్లో ఏ పనీ లేకుండా నా పక్కన కూర్చుంటే, ఆ నీళ్ళు చూడాలని. అంతే."

ఆయన నడుం పట్టుకుని లేచాడు. టోపీ అందుకున్నాడు.

"సూదెక్కడ పెట్టావు?"

తెల్లారి రేవుకి పెట్టె మోసుకుంటూ, ఎవరో ఈడ్చుకెళుతున్నట్టు ఆవిడ వెనకాలే నడిచాడు. పడవెక్కే బల్ల మీద కాలు పెడుతూ ఆవిడ గొప్పగా రెండు టికెట్లూ చాచింది.

టికెట్లు చూసే మనిషి వాటివంక కన్నెత్తి కూడా చూడకుండా, రోజూ ఆయనకిచ్చే అలవాటు కొద్దీ, పడవ నడిపే చుక్కాని గది తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు.