ముళ్ళపంది విప్పిన ల్యాప్‌టాప్

ఆ అడవిలో ఎండాకాలం మిగిలేది ఒకే మడుగు. ఎవరు ఎప్పుడు నీళ్ళు తాగాలో జాబితా రాసే గుమాస్తాలు కొండముచ్చు, ముళ్ళపంది.

ఇద్దరూ ల్యాప్‌టాప్‌లు కొన్నారు. కొండముచ్చుది జిగురుతో అతికించిన చవక సరుకు. ముళ్ళపంది రెట్టింపు ధర పెట్టి, స్క్రూలు విప్పి ఏ ముక్కకా ముక్క మార్చుకునే రకం కొనుక్కుంది.

"నీకు డబ్బు ఎక్కువైంది అక్కా!" అని కొండముచ్చు పగలబడి నవ్వింది.

ఇద్దరికీ ఇప్పపూలు నములుతూ పనిచేసే అలవాటు. ఆ తీపికి చీమలు రెండు కీబోర్డుల్లోకీ దూరాయి. సరిగ్గా జాబితా చదవాల్సిన పొద్దున రెండూ మొరాయించాయి. మడుగు దగ్గర అడవిదున్నలు అప్పుడే పోట్లాటకు కొమ్ములు దించాయి.

కొండముచ్చు తన ల్యాప్‌టాప్‌ను దులిపింది, గీకింది, చివరికి నేలకేసి కొట్టింది.

ముళ్ళపంది వీపు మీంచి ఒక ముల్లు పీకి స్క్రూలు విప్పింది. చీమల్ని ఊదేసి, పాడైన కీబోర్డు తీసి, దాచుకున్న కొత్తది బిగించింది. తెర వెలిగింది. ముళ్ళపంది గొంతెత్తి జాబితా చదువుతుంటే దున్నలు కొమ్ములెత్తి వరసలో నిలబడ్డాయి. జింకపిల్లలు ముందు తాగాయి. మడుగంతా కేరింతలే.

కొండముచ్చు తల గోక్కుంటూ వచ్చింది. "అక్కా, ఆ ముల్లు ఒకసారి ఇస్తావా?"

"పది తీసుకో తమ్ముడూ. విప్పడానికి నీ దానికి స్క్రూ ఏది?"